క్రొత్త ప్రాసెసరు కొఱకు వేచియుండవలెనా?

ప్రతి సంవత్సరమును ఏప్రిలు 15వ తేదీ మొదలుకొని జూను 14వ తేదీ వఱకు, అనగా 61 దినములు, మన తూర్పుతీరమున మరపడవలు వేటకు పోరాదని ప్రభుత్వమువారి కట్టడి గలదు. అది చేపలు గ్రుడ్లుపెట్టి సంతతిని వృద్ధిచేసికొను కాలము. ఆ దినములలో విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరునకు పోయి చూచినచో మరపడవలు ఒకదాని ప్రక్క నొకటి బారులు తీరి నిలిచియుండును. తెల్లవారుజామున చేపల వేలముపాట వినబడవలసిన చోట సుత్తిదెబ్బలు వినబడును. ఒకరు చెక్కల సందులు పూడ్చుచుందురు. ఒకరు రంగు పూయుచుందురు. మఱియొకరు ఇంజను విప్పి, దాని భాగములను గోనెపట్టాపై పఱచి, నూనెతో తుడుచుచుందురు.

2025వ సంవత్సరపు వేసవిలో నేనట్లు జెట్టీ మీద నడచుచుండగా, మా పాఠశాలలో చదివి ఉత్తీర్ణురాలైన యొక బాలిక తండ్రి నన్ను చూచి నిలిచెను. ఆయన ఒక మరపడవకు డ్రైవరు. కుశలప్రశ్నలైన పిమ్మట ఆయన యిట్లనెను: "మాస్టారూ, మా అమ్మాయి ఇంజనీరింగు ప్రవేశపరీక్ష వ్రాసినది. సీటు వచ్చునని నమ్మకముగా నున్నది. దానికి ల్యాప్‌టాప్ కొనిపెట్టవలెను. మా పెద్దవాడు 'ఇప్పుడు కొనవద్దు నాన్నా, నాలుగైదు నెలలాగితే క్రొత్త ప్రాసెసరు వచ్చును, ఇప్పుడు కొన్నది అప్పటికి పాతబడును' అనుచున్నాడు. అంగడివారు 'నేడే కొనుడు, రేపు ధర పెరుగును' అనుచున్నారు. ఎవరి మాట వినవలెనో తాము సెలవియ్యవలెను."

ప్రశ్న చిన్నదిగా తోచినను ఆ కుటుంబమునకు చిన్నది కాదు. వేటనిషేధకాలమున ప్రభుత్వము మత్స్యకార కుటుంబమున కిచ్చు భృతి ఆ సంవత్సరముననే 10,000 రూపాయల నుండి 20,000 రూపాయలకు హెచ్చింపబడినది. అది రెండు నెలల గృహవ్యయమునకే చాలుట కష్టము. ల్యాప్‌టాప్ కొఱకు దాచిన సొమ్ము వేఱు: కొంత ఆయన భార్య తలపై చేపల గంప మోసి కూడబెట్టినది; కొంత డ్వాక్రా సంఘమునుండి తెచ్చిన అప్పు. ఇట్టి ధనముతో కొను వస్తువు విషయమున తొందరయు తగదు, ఉపేక్షయు తగదు. నే నాయనకు రెండు దినములు గడువడిగితిని. అప్పుడు చెప్పిన సమాధానమునే, ఇట్టి సందేహము గల తలిదండ్రులకును విద్యార్థులకును ఉపయోగపడునని, కొంత విస్తరించి యిచట వ్రాయుచున్నాను.

ప్రాసెసరనగా నేమి?

ల్యాప్‌టాపునందు లెక్కలన్నియు చేయు భాగమునకు ప్రాసెసరని పేరు. అది సిలికాన్ అను పదార్థపు చిన్న పలక. దానిపై ట్రాన్సిస్టరులనబడు సూక్ష్మమైన మీటలు కోట్లకొలదిగా చెక్కబడియుండును. ఒక్కొక్క మీట విద్యుత్తును పోనిచ్చుటయో, ఆపుటయో చేయును. ఈ రెండు పనుల కూడికలతోనే లెక్కయు, అక్షరమును, చిత్రమును, సంగీతమును యంత్రమునందు పుట్టుచున్నవి.

హార్బరునెఱిగిన పిల్లలకు దీనిని పడవ పోలికతో చెప్పుట సులభము. ప్రాసెసరు పడవకు ఇంజను వంటిది. ర్యామ్ అను తాత్కాలికపు మెమొరీ, వలలోని చేపను గ్రుమ్మరించి వేఱుచేయు పైతట్టు వంటిది. ఫైళ్లను శాశ్వతముగా దాచు డిస్కు, చేపను ఐసులో పఱచి నిలువచేయు అడుగు గది వంటిది. బ్యాటరీ డీజిలు వంటిది. ఇంజను ఎంత బలమైనదైనను పైతట్టు ఇరుకైనచో కళాసీలకు పని సాగదు. ఐసు చాలకున్నచో పట్టిన చేప పాడగును. అట్లే ప్రాసెసరు ఎంత క్రొత్తదైనను మెమొరీ చాలని యంత్రము మెల్లగానే నడచును. కావున "ప్రాసెసరు క్రొత్తదా?" యని మాత్రమే అడుగువాడు, పడవ కొనబోయి ఇంజను నొక్కదానినే చూచి వచ్చినవాని వంటివాడు. ఈ విషయమును ముందుగా మనస్సునం దుంచుకొనవలెను.

వేగము పెరిగిన చరిత్ర

క్రొత్తదాని కొఱకు వేచియుండవలెనను తలంపు ఊరక పుట్టినది కాదు. దానికొక చరిత్ర కలదు. 1965వ సంవత్సరమున గోర్డన్ మూర్ అను అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు ఒక పత్రికలో వ్యాసము వ్రాసి, ఒక పలకపై నమర్పగలిగిన భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదని చూపెను. 1975లో ఆయనయే ఆ గడువును రెండేండ్లుగా సవరించెను. ఆయన 1968లో రాబర్ట్ నాయిస్‌తో కలసి స్థాపించిన ఇంటెల్ సంస్థ 1971లో విడుదల చేసిన 4004 అను ప్రాసెసరునందు దాదాపు 2,300 ట్రాన్సిస్టరు లుండెను. 2020 నవంబరులో ఆపిల్ సంస్థ విడుదల చేసిన ఎం1 అను దానియందు 1,600 కోట్లు గలవు.

వేగము సంగతియు నట్టిదే. 1993లో వచ్చిన మొదటి పెంటియం ప్రాసెసరు సెకనునకు 6 కోట్ల తాళములు వేయుచు పనిచేసెను. 2004 నాటికి పెంటియం 4 అనునది 380 కోట్ల తాళములను చేరెను. పదునొకండేండ్లలో అరువది రెట్లకు మించిన వృద్ధి! అట్టి దినములలో ఒక్క సంవత్సరము వేచినవానికి స్పష్టమైన లాభము కనబడుచుండెను. నేటి పెద్దలలో పలువురకు "ఆగినచో మేలైనది వచ్చును" అను నమ్మకము ఆ కాలమున నాటుకొనినదే.

కాని 2004లోనే 400 కోట్ల తాళముల ప్రాసెసరును తెత్తుమన్న సంస్థ ఆ యత్నమును మానుకొనెను. కారణమేమన, మీటలను చిన్నవి చేసినకొలదియు వేడి తగ్గుట ఆగిపోయెను. తాళము పెంచినచో పలక భరింపరాని వేడికి లోనగుచుండెను. అప్పటినుండి తయారుచేయువారు ఒకే యింజనును మిక్కిలి వేగముగా త్రిప్పుటకు మారుగా రెండు, నాలుగు, ఎనిమిది యింజనులను ఒకే పలకపై నిలుపసాగిరి. వీనినే కోరులందురు. ఇరువదేండ్లు దాటినను నేటి ల్యాప్‌టాపులలోని తాళముల సంఖ్య 500 కోట్ల ప్రాంతముననే యున్నది. అభివృద్ధి ఆగలేదు గాని దాని నడక మారినది. ఒక తరమునకును తరువాతి తరమునకును నడుమ సామాన్య విద్యార్థి తన పనిలో కనిపెట్టగల భేదము ఇప్పుడు స్వల్పము.

ఒక లెక్క

వేచియుండుట లాభమా నష్టమా యని లెక్కకట్టినవారు గలరు. 1999వ సంవత్సరమున అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయపు ఖగోళశాస్త్ర విద్యార్థులు కొందఱు సగము పరిహాసముగా, సగము శ్రద్ధగా ఒక పత్రము వ్రాసిరి. కంప్యూటరుల బలము 18 నెలల కొకసారి రెట్టింపగుచుండగా, చాలకాలము పట్టు గణితకార్యమును నేడే ఆరంభింపవలెనా, లేక కొంతకాలము ఊరకుండి క్రొత్త యంత్రము కొని ఆరంభింపవలెనా యనునది వారి ప్రశ్న. వారు తేల్చిన దేమనగా: నేటి యంత్రముపై 26 నెలలకు మించి పట్టు పనికి మాత్రమే వేచుట లాభము, అంతకు తక్కువైన పనిని నేడే మొదలుపెట్టవలెను.

పై తరగతుల విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును. నేటి యంత్రముపై 12 నెలలు పట్టు పని యున్నదనుకొందము. ఆరు నెలలు వేచి క్రొత్త యంత్రము కొన్నచో ఆ పని దాదాపు 9½ నెలలలో ముగియును. వేచిన ఆరు నెలలను కలుపగా 15½ నెలలైనవి. అనగా మూడున్నర నెలల నష్టము. 36 నెలల పని యైనచో, ఎనిమిదిన్నర నెలలు వేచి మొదలిడిన 26 నెలలలో ముగియును. మొత్తము 34½ నెలలు. అంత పెద్ద పనికిని, అంత వేగముగ యంత్రములు వృద్ధిపొందు కాలమున గూడ, మిగిలినది ఒకటిన్నర నెల మాత్రమే!

ఇంకొక విశేషము గలదు. బలము రెట్టింపగుటకు 18 నెలలు గాక 36 నెలలు పట్టునేని, ఆ 26 నెలల హద్దు 52 నెలలగును. అభివృద్ధి మందగించినకొలదియు వేచుటవలని లాభము తగ్గును. మఱియు ఈ లెక్కయంతయు, పనిని వెనుకకు జరుపవచ్చునను ఊహమీద నిలిచియున్నది. నక్షత్రముల లెక్క ఎనిమిది నెలలు ఆగగలదు. కళాశాలలోని మొదటి అర్ధసంవత్సరము ఒక విద్యార్థిని కొఱకు ఆగదు.

ఇక ధనము లెక్క చూతము. 48,000 రూపాయలు పెట్టి కళాశాల తెఱచిననాడే ల్యాప్‌టాప్ కొని, నాలుగేండ్ల చదువు పూర్తియగువఱకు, అనగా 48 నెలలు, వాడితిమనుకొందము. నెలకు 1,000 రూపాయలు పడినవి. ఆరు నెలలు వేచి యుండగా అదే యంత్రపు ధర 44,000కు తగ్గినదనుకొందము. ఇప్పుడు చదువునకు మిగిలినవి 42 నెలలే. నెలకు దాదాపు 1,048 రూపాయలు పడును. నాలుగు వేలు తక్కువకు కొన్నవాడు నెల నెలకును ఎక్కువ చెల్లించినవాడయ్యెను. ఇది గాక ఆ ఆరు నెలలు నెట్ సెంటరునకు పోసిన రుసుమును, స్నేహితుల యంత్రము నెరవడిగిన శ్రమయు వేఱు. చదువు ముగిసిన పిమ్మటను యంత్రము పనికివచ్చుననుట నిజమే. కాని కొన్న దేనికో ఆ పనికే అది మొదట లేకపోయినది.

ప్రకటన వేఱు, ప్రాప్తి వేఱు

వేచియుండువారు తఱుచుగా మఱచు సంగతి యేమనగా, రాబోవునని ప్రకటింపబడిన వస్తువు ప్రకటించిన దినమున చేతికి రాదు. మన పట్టణపు చరిత్రయే దీనికి సాక్ష్యము. విశాఖపట్టణమున ఉక్కు కర్మాగారము నెలకొల్పబడునని 1970 ఏప్రిలులో పార్లమెంటునందు ప్రకటింపబడెను. 1971 జనవరి 20వ తేదీన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసెను. అది జాతికి అంకితమైనది 1992 ఆగష్టు 1వ తేదీన, పి. వి. నరసింహారావు ప్రధానిగా నున్నపుడు. నడుమ గడచినవి ఇరువదియొక్క సంవత్సరములు. ఆ ఉక్కు వచ్చిన పిదపనే ఇల్లు కట్టుకొందునని కూర్చున్నవాడు ఎవడైన నుండినచో వాని మనుమలు ఆ యింట కాపురముండవలసినదే.

ప్రాసెసరుల లోకమునందును అట్లే జరిగినది. ఇంటెల్ సంస్థ 10 నానోమీటరులని పేరుపెట్టిన తయారీవిధానము 2016 ప్రాంతమున రావలసియుండెను. 2018లో అది కొద్ది యంత్రములలో మాత్రము కనబడెను. తగినన్ని ల్యాప్‌టాపులలో చేరుటకు 2019 కావలసివచ్చెను. మఱియు క్రొత్త ప్రాసెసరు విదేశమున ప్రకటింపబడిన పిదప మన అంగళ్లకు వచ్చుటకు కొన్ని నెలలు పట్టును. మొదట వచ్చునవి వెల హెచ్చైనవి. సామాన్యులు కొనదగిన నమూనాలు తరువాత వచ్చును. అంతలో దానికిని పైదాని వార్త పత్రికలలో పడును!

వేచుట కొన్నవానిని మాత్రమే గాక అమ్మువానిని గూడ ముంచగలదు. ఆడం ఆస్‌బోర్న్ అను నాయన బాల్యము తమిళదేశపు తిరువణ్ణామలైలో గడచినది. ఆయన సంస్థ 1981లో చేతబట్టి మోయదగిన కంప్యూటరును అమ్మి మిక్కిలి పేరుపొందెను. 1983లో ఇంతకంటె మేలైనది రాబోవుచున్నదను వార్త ముందుగా వెలువడగా, అంగళ్లవారు ఉన్నదానిని కొనుట మానివేసిరని, ఆ యేడే సెప్టెంబరులో సంస్థ దివాలా తీసెనని వర్తకశాస్త్రమున ఒక కథ ప్రసిద్ధమై యున్నది. ఇతర కారణములును ఉన్నవని కొందఱందురు. ఏమైనను, వ్యాపారులు ఈ స్థితికి ఆస్‌బోర్న్ పేరే పెట్టియున్నారు.

ఆగినచో ధర తప్పక తగ్గుననుటయు నియమము కాదు. 2011లో థాయిలాండు దేశమున వరదలు వచ్చి కర్మాగారములు మునుగగా, హార్డుడిస్కుల ధర లోకమంతటను పెరిగెను. 2020లో కరోనా వ్యాధివలన పాఠశాలలు మూతపడి ఇంటింటను ల్యాప్‌టాప్ కావలసివచ్చినపుడు అవి దొరకుటయే కష్టమయ్యెను. 2025 చివరి నెలలలో కృత్రిమమేధ కొఱకు కట్టుచున్న డేటా కేంద్రములకు మెమొరీ విశేషముగా కావలసివచ్చి, దాని వెల మిక్కిలి హెచ్చెను. అట్టి కేంద్రమొకటి మన విశాఖపట్టణమునకే రానున్నది. అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14వ తేదీన ప్రకటించినది. ఇట్లు మన పట్టణమునకు సంతోషము కలిగించు వార్తతో ముడిపడిన కారణమే విద్యార్థి కొనబోవు యంత్రపు వెలను పెంచినది.

నా యనుభవము

ఇదంతయు చెప్పుచున్న నేనే ఈ తప్పు చేసితినని ఒప్పుకొనుట న్యాయము. కొన్నేండ్ల క్రిందట నా ల్యాప్‌టాప్ పాతదై మందగింపగా, క్రొత్త ప్రాసెసరు వచ్చుచున్నదను వార్తలు చదువుచు రెండేండ్లు కాలము గడపితిని. మా నివాసము సముద్రమునకు సమీపముననే కలదు. నా బల్ల కిటికీ ప్రక్కన నుండెను. ఒక జూను మాసపు రాత్రి ఆ యంత్రము మరల మేలుకొనలేదు. బాగుచేయువాడు దానిని విప్పి చూపగా, రాగితీగలపై పచ్చని చిలుము పట్టియుండెను. ఉప్పుగాలి చేసిన పని యది. పదేండ్లుగా నేను కూర్చిన ప్రశ్నపత్రములును పాఠముల టిప్పణులును అందే యుండెను. "క్రొత్తది కొన్నపుడు దానిలోనికి ఎక్కింతును" అని, వేఱొక ప్రతి తీయక యుంటిని. కొన్ని మాత్రము తిరిగి దొరకినవి. నేను పోగొట్టుకొన్నది ప్రాసెసరు వేగము కాదు.

ఎప్పుడు వేచియుండవచ్చును?

వేచుట యెల్లప్పుడును తప్పని నా తాత్పర్యము కాదు. ఈ క్రింది సందర్భములలో వేచుటయే వివేకము.

మొదటిది: యంత్రము నేటికి అవసరము లేనపుడు. జూను మాసమున సీటు వచ్చి, ఆగష్టు మాసమున తరగతులు మొదలగునెడల, మే మాసమున కొని పెట్టెలో దాచుట వలన గ్యారంటీ కాలము ఖర్చగును గాని చదువు పెరుగదు. ఏ శాఖలో చేరుదుమో తెలిసిన పిదప ఆ శాఖ పనికి తగినది ఎంచుకొనవచ్చును.

రెండవది: ఉన్న యంత్రము ఇంకను బాగు చేయదగినదైనపుడు. పాత యంత్రములోని తిరుగుడు హార్డుడిస్కును తీసి ఎస్‌ఎస్‌డి పెట్టించినను, మెమొరీ పెంచినను, తక్కువ వ్యయముతో రెండేండ్లు పని గడచును.

మూడవది: రాబోవు వస్తువు విడుదల తేదీయు, మన దేశపు ధరయు ప్రకటింపబడి, గడువు కొన్ని వారములలో నున్నపుడు. అంతకు దూరమైనది వార్తయే గాని వస్తువు కాదు. దసరా, దీపావళి తగ్గింపులు ఈ జాతివే, తేదీ తెలిసియుండును.

నాలుగవది: మార్పు పరిమాణమున గాక స్వభావముననే యున్నపుడు. 2020లో ఆపిల్ వారు ఇంటెల్ ప్రాసెసరులను విడిచి స్వంత ప్రాసెసరునకు మారిన సమయమున, అదే బ్యాటరీతో పనిచేయు కాలము మిక్కిలి పెరిగెను. ఆ నెలలలో ఆ సంస్థ యంత్రమును కొనదలచినవారు కొంత ఆగుట మేలయ్యెను. ఇట్టి మార్పు పదేండ్లలో ఒకటి రెండు మారులు వచ్చును, ఏటేట రాదు.

కొనువేళ చూడవలసినవి

క్రొత్త పేరంతయు క్రొత్త వస్తువు కాదు. ఏఎండి సంస్థవారి రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7640యు అను రెండింటి పేర్లును 7 అంకెతోనే మొదలగును. కాని మొదటిదాని లోపలి నిర్మాణము 2019 నాటిది. రెండవదానిది దానికి రెండు తరముల తరువాతిది. పేరులోని మూడవ అంకె ఆ నిర్మాణమును తెలుపును. కావున పెట్టెపై సంఖ్యను వ్రాసికొని ఇంటికి వచ్చి విచారించి, పిమ్మట కొనవలెను.

మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సామాన్య రక్షణసహాయమును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. కావున మిక్కిలి పాతదానిని చౌకగా వచ్చెనని కొనునపుడు అది విండోస్ 11ను నడుపగలదా యని చూడవలెను. ఇంటెల్ వారి కోర్ జాతిలో సాధారణముగా ఎనిమిదవ తరమునకు ముందువి దానికి అంగీకరింపబడవు. లినక్స్ నేర్చుకొన నిచ్చగించు విద్యార్థికి ఈ నిర్బంధము లేదు.

మెమొరీ 8 జీబీకి తగ్గరాదు. 16 యున్నచో నాలుగేండ్లు నిశ్చింత. తరువాత పెంచుకొనుటకు ఖాళీ స్థానము కలదా యని అడుగవలెను. కొన్నింటిలో మెమొరీ పలకకే అతికింపబడియుండును. ప్రాసెసరులో ఒక మెట్టు దిగి మిగిలిన సొమ్ముతో మెమొరీని పెంచుట విద్యార్థికి తఱుచుగా మేలు. బాగుచేయు కేంద్రము పట్టణముననే యున్నదా యనియు విచారింపవలెను. సముద్రతీరవాసులు యంత్రమును తెఱచిన కిటికీ ప్రక్కన ఉంచరాదు. వాడక నెలలతరబడి మూసి దాచరాదు. సంచిలో తేమ పీల్చు గుళికల పొట్లము వేయవలెను. అన్నింటికిని మించి, ఫైళ్లకు వేఱొకచోట ప్రతి యుంచుకొనవలెను.

జెట్టీ మీది సమాధానము

రెండు దినములైన పిదప నేను మరల హార్బరునకు పోయితిని. ఈ లెక్కలన్నియు చెప్పబోవుచుండగా ఆ తండ్రి నవ్వి, ప్రక్కన విప్పియున్న ఇంజనును చూపి యిట్లనెను: "మాస్టారూ, క్రొత్తరకము ఇంజనులు ఏటేట వచ్చుచునే యున్నవి. వానికొఱకు మా యజమాని పడవను రేవున కట్టివేయునా? జూను 14 అర్ధరాత్రి దాటినంతనే వేటకు పోవలెను. దానికి ముందు ఏ యింజను చేతనున్నదో దానినే బాగుచేయించును. మరమ్మతు వెల క్రొత్తదాని వెలను సమీపించిన యేట మార్చును. నేనును అట్లే ఆలోచించితిని."

నేను చెప్పదలచిన దానిలో సారమంతయు ఆయన మాటలలోనే యున్నది. నేను కలిపినది ఒక్కటియే. అవసరము వచ్చువఱకు వేచుట వేఱు. క్రొత్తది వచ్చువఱకు వేచుట వేఱు. మొదటిదానికి తేదీ గలదు. రెండవదానికి తేదీ లేదు. కుమారుడు చెప్పినట్లు నాలుగైదు నెలలు ఆగనక్కఱలేదు. అంగడివారు చెప్పినట్లు ఆ దినముననే కొననక్కఱలేదు. తరగతులు తెఱచు వారమున, అంగడిలో నున్నవానిలో, తలచిన సొమ్మునకు తగినది కొనవలెను.

వారట్లే చేసిరి. ఆగష్టు మాసమున కొనిరి. కొన్నది ఆ సంవత్సరపు సరిక్రొత్త ప్రాసెసరు కాదు. 16 జీబీ మెమొరీ గలది. ఆ బాలిక సంక్రాంతి సెలవులలో మా పాఠశాలకు వచ్చి, తాను మొదటి అర్ధసంవత్సరమున వ్రాసిన చిన్న ప్రోగ్రాములను నాకు చూపినది. వానిలో నొకటి తండ్రి కొఱకు వ్రాసినది: ప్రతి వేటకును డీజిలు, ఐసు, కళాసీల వాటాలు పోగా మిగిలినదెంతో లెక్కకట్టును. అంతలో క్రొత్త ప్రాసెసరులు వచ్చినవి. ఇకమీదను వచ్చుచునే యుండును. "అమ్మా, దీనిని మార్చవలెనని తోచుచున్నదా?" యని అడిగితిని. "లేదండీ మాస్టారూ, ఇది ఇంకను నాకంటె వేగముగానే యున్నది" అని ఆమె బదులు చెప్పినది.

ఇంటివద్ద చేయవలసిన లెక్కలు

1. యంత్రబలము 24 నెలల కొకసారి రెట్టింపగునని యెంచుడు. నేటి యంత్రముపై 48 నెలలు పట్టు పనిని నేడే ఆరంభించినను, 24 నెలలు వేచి ఆరంభించినను ఒకే సమయమున ముగియునని చూపుడు. 12 నెలలు వేచినచో ఎన్ని నెలలలో ముగియును?

2. మీ యింట ల్యాప్‌టాపో, కుట్టుమిషనో, సైకిలో ఉన్నచో దాని వెలను వాడిన నెలలచే భాగించి నెలకెంత పడినదో కనుగొనుడు.

3. మీరు కొనదలచిన వస్తువు నొకదానిని తలచుకొని, దాని యవసరము కలుగు తేదీని వ్రాయుడు. తేదీ వ్రాయలేకపోయినచో, కారణమేమో మీ తలిదండ్రులతో చర్చింపుడు.